సగం అచ్చు, పూర్తి సొట్ట

నేను ఒక అచ్చును. పుస్తకాల అచ్చు కాదు, బెల్లం అచ్చు అంతకంటే కాదు. బాలానగర్‌లో ఉక్కు దిమ్మను తొలిచి చేసిన రైలింజను అచ్చును, బొమ్మ రైలింజను. కరిగిన ప్లాస్టిక్ నాలోకి దూసుకొస్తుంది, నిమిషంలోపు చల్లబడుతుంది, అరచేతిలో పట్టే డీజిల్ ఇంజనై బయటికి దూకుతుంది. అసలు ఇంజనులో ఎనభై ఏడో వంతు. ఎనభై ఏడే ఎందుకని అడక్కండి, బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు ఒప్పుకుంటే ఆ లెక్కకే ఒప్పుకుంటారు, లేదంటే మాట్లాడరు.

ముందే ఒక నిజం చెప్పేస్తాను. నా లోపల రైలు లేదు. ఏనాడూ లేదు. ఉన్నదల్లా రైలు ఆకారంలో ఒక ఖాళీ. ఆ ఖాళీ కోసమే మనుషులు ఓడలు మాట్లాడుకున్నారు, పదహారు పేజీల ఒప్పందం రాసుకున్నారు, కుటుంబంలో మాటా మాటా అనుకున్నారు. ఖాళీ మీద అంత మమకారం ఇంకే ప్రాణికీ ఉండదనుకుంటాను.

ఇంకో సంగతి. ఏ అచ్చయినా రెండు సగాలు. ఒకటి గుంట, ఒకటి దిమ్మ. నేను గుంటను. ఇంజను పైకి కనిపించే రూపమంతా, రివెట్లూ తలుపులూ కిటికీలూ కడ్డీలూ అన్నీ నా గోడల మీదే తిరగేసి చెక్కి ఉంటాయి. నాలోకి దిగే దిమ్మ పని బొమ్మను లోపల డొల్లగా ఉంచడం. ఆయన్ని నేను దిమ్మగారు అనేదాన్ని. మేమిద్దరం మూసుకున్నప్పుడు మా మధ్య మిగిలే మిల్లీమీటరు సందే మీరు డబ్బులు పెట్టి కొనే బొమ్మ.

నన్ను చేయించింది సుదక్షిణ. చిలకలగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల, కూత వింటే ఏ ఇంజనో చెప్పగలదు, టూల్ డిజైన్ చదివింది, చదువు అయిపోగానే 'బుల్లి బండి' అని కంపెనీ పెట్టేసింది. పెట్టుబడి వాళ్ల అక్క మొగుడు ఫణీంద్రగారిది. నన్ను తొలిచింది మొగులయ్య మాస్టర్. ఆయన వర్క్‌షాప్‌లో రేకుల కప్పు కింద మూడు మెషిన్లు, ఒక రేడియో, ఒక వినాయకుడి ఫొటో, దాని కింద ఎవరూ ముట్టుకోకూడని ఆకురాళ్ల డబ్బా. ఇంతే సామాను.

కొలతలు తీసుకోవడానికి ఇద్దరూ సికింద్రాబాద్ అవతల ఒక డీజిల్ షెడ్డుకి వెళ్లారు. నేనప్పటికి పుట్టలేదు, కానీ నన్ను తొలుస్తున్నన్నాళ్లూ మాస్టర్ ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడంటే నేనే వెళ్లొచ్చినట్టుంటుంది. అక్కడి సీనియర్ మెకానిక్ దేవసహాయం పెట్టెల్ని అటూ ఇటూ తోసే ఒక పాత షంటింగ్ ఇంజను చూపించాడు. నంబరు పదకొండు ఎనభై నాలుగు. షెడ్డులో మాత్రం అందరూ దాన్ని సొట్టమ్మ అంటారు.

"అన్నీ రాసుకున్నారు గానీ మేడం, ముఖ్యమైంది రాసుకోలేదు" అన్నాడట దేవసహాయం.

"ఏంటండీ?"

"మొహం మీద సొట్ట. బండి వచ్చిన ఫస్ట్ వీక్‌లోనే డెడ్ ఎండ్‌కి పోయి గుద్దేసింది. డ్రైవర్‌కి తుమ్మొచ్చింది, అంతే."

"మరి సరిచేయించలేదా?"

"రెండుసార్లు చేయించారు మేడం. రెండుసార్లూ బండి మొరాయించింది. ఇంక లాభం లేదని మావాళ్లే సుత్తి తీసుకుని మళ్లీ సొట్ట కొట్టారు. అప్పట్నుంచి ఒక్కరోజు ఫెయిల్ కాలేదు, కావాలంటే లాగ్‌బుక్ చూపిస్తా."

సుదక్షిణ టేపు పెట్టి కొలవబోయింది. మాస్టర్ ఆమె చెయ్యి పక్కకు జరిపాడు. కళ్లు మూసుకుని బొటనవేలితో ఆ సొట్టను రెండుసార్లు తడిమాడు.

"టేపుకు దొరకది బిడ్డా ఇది. రాసుకునుడు బంద్ చెయ్. నా చేతిల ఉంటది" అన్నాడు.

నిజంగానే చేతిలోనే ఉంచుకున్నాడు. డ్రాయింగులో ఎక్కడా సొట్ట లేదు. బొమ్మలో గుంట పడాలంటే నాలో గుబ్బ ఉండాలి, మా అచ్చుల బతుకంతా ఇలా తలకిందులే. అందుకని ఇంజను మొహం చెక్కిన చోట మాస్టర్ కందిగింజలో సగమంత ఉక్కు వదిలేసి, మూడు రోజులు ఆకురాయితో దాన్ని నిమిరి నిమిరి వదిలాడు. ఆ గుబ్బంటే నాకు ప్రాణం. మిగతా నేనంతా కొలతల ప్రకారం పుట్టాను, అదొక్కటే ముద్దు కొద్దీ పుట్టింది.

మొదటి మూడొందల బొమ్మలు మాస్టర్ దగ్గరే తీశారు. బొమ్మ రైళ్ల సంఘం కార్యదర్శి ఒకాయన భూతద్దం పెట్టుకుని రివెట్లు లెక్కపెట్టి, రివెట్లు సరిపోయాయని కాస్త నిరాశపడి, చివరికి సొట్ట దొరికిందని సంబరంగా ఉత్తరం రాశాడు: మూతి మీద తయారీ లోపం ఉంది, వాపసు తీసుకోండి. సుదక్షిణ ఏమీ వాదించకుండా షెడ్డు అడ్రసు రాసి పంపింది. ఆయన వెళ్లి సొట్టమ్మను చూసొచ్చి ఇంకో రెండు బొమ్మలు కొన్నాడు. మనిషి తప్పు ఒప్పుకోవడమంటే ఇదేనని అప్పుడు తెలిసింది నాకు. సారీ అనరు, ఇంకో రెండు కొంటారు.

ఇక్కడ ఫణీంద్రగారు రంగంలోకి దిగారు. చెడ్డమనిషి కాదు. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఇదే వస్తువు ఇంకా చవగ్గా దొరుకుతుందన్న నమ్మకంతో బతికే మనిషి, అంతే.

"అమ్మాయ్, చైనాలో ఒక ఫ్యాక్టరీ చూశాను. బొమ్మ మనదే, అచ్చు మనదే, చెయ్యి మాత్రం వాళ్లది. ఒక్కో పీసుకి మూడో వంతు తగ్గుతుంది!"

"ఇక్కడ మాస్టర్ చేస్తున్నారు కదా బావగారూ."

"మాస్టర్ మంచివాడే. కానీ అక్కడ రంగులేసే అమ్మాయిల చెయ్యి చూశావా నువ్వు? వీడియో పంపిస్తా చూడు. కిటికీ అంచు గీస్తుంటే ఊపిరి కూడా పీల్చరు!"

సుదక్షిణ ఏమంటుంది? అక్క మొగుడు. పెట్టుబడి ఆయనది. పైగా ప్రతి ఆదివారం భోజనానికి వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. ఒప్పందం పదహారు పేజీలు వచ్చింది. ధర ఉన్న పేజీని ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మిగతా పదిహేను పేజీల్లో సంతకం ఎక్కడ పెట్టాలో చూశాడు.

మాస్టర్ నన్ను చెక్కపెట్టెలో పెట్టి, తుప్పు పట్టకుండా గ్రీజు రాసి, మూత వేసేముందు గుబ్బ మీద ఒకసారి వేలు పెట్టాడు. "పోయి రా" అన్నాడు. పొమ్మనలేదు, పోయి రమ్మన్నాడు. ఓడలో మూడు వారాలూ నేను పట్టుకు వేలాడింది ఆ ఒక్క మాటనే.

ఆ ఫ్యాక్టరీని చూస్తే మీకు కళ్లు తిరుగుతాయి, నాకు కళ్లు లేకపోయినా తిరిగాయి. ఇనుప అరలు కప్పుదాకా, ప్రతి అరలో అచ్చులు, ప్రతి అచ్చులో ఏదో ఒక దేశపు రైలు. జర్మనీ ఆవిరి ఇంజన్లు, జపాన్ బుల్లెట్లు, ఎక్కడెక్కడి గూడ్సు పెట్టెలో. నా పక్క అరలో ఒక ఇంగ్లండు బోగీ అచ్చు ఉండేది, పెద్దావిడ.

"ఎన్నాళ్లుండటానికి వచ్చావమ్మా?" అంది.

"ఒక ఏడాదికండీ."

అర మొత్తం కిరకిరా నవ్వింది.

"నేనూ ఏడాదికే వచ్చాను. నన్ను పంపిన కంపెనీ దివాలా తీసింది, దాన్ని ఇంకొకాయన కొన్నాడు, ఆయన్ని మరొకాయన కొన్నాడు. ముగ్గురూ నన్ను కొన్నామని కాగితాలు దాచుకున్నారు. ముగ్గురిలో నా మొహం చూసినవాడు ఒక్కడు లేడు. ఓనర్లు మారారు గానీ నా అర మారలేదు."

పైనుంచి ఒక అమెరికా గూడ్సు పెట్టె అచ్చు అందుకుంది. "మీకు ఒకరి తర్వాత ఒకరు. నాకు ఒకేసారి ఇద్దరు. ఇద్దరూ నాతోనే పెట్టెలు తీయించుకుని, వేరే వేరే రంగులేసుకుని, పక్కవాడిది నకిలీ అని ప్రకటనలిస్తారు. పొద్దున ఒకరి అసలు, మధ్యాహ్నం ఇంకొకరి అసలు."

అన్నిటికంటే అడుగు అర చూసి బెంగపడ్డాను. అక్కడ అన్నీ ఒంటి సగాలే. గుంట ఉంటే దిమ్మ లేదు, దిమ్మ ఉంటే గుంట లేదు. వాటి సంగతేంటని పెద్దావిడను అడిగితే, "అది తర్వాత తెలుస్తుందిలే" అని తలుపు వైపు చూసింది.

నన్ను మెషిన్‌కి ఎక్కించే ముందు పరీక్షించింది షియావ్‌మే అనే అమ్మాయి. మంచి చెయ్యి ఆమెది, మాస్టర్ చెయ్యి లాంటిది, లోహంతో మాట్లాడే చెయ్యి. డ్రాయింగు పక్కన పెట్టుకుని నన్ను అంగుళం అంగుళం తడిమింది. మొహం దగ్గరికి రాగానే వేలు ఆగింది. డ్రాయింగు చూసింది. నన్ను చూసింది. మళ్లీ డ్రాయింగు చూసింది. కాగితం మీద లేనిది ఉక్కు మీద ఉంటే, తన పని నిజాయితీగా చేసే మనిషి ఏమనుకుంటుంది? లోపం అనుకుంటుంది. నాకు నోరుంటే చెప్పేదాన్ని, అమ్మా అది సొట్టమ్మ మూతి, దాని వెనక ఒక తుమ్ము ఉంది అని.

ఫ్యాక్టరీ నుంచి బుల్లి బండికి మెయిల్ వెళ్లింది. అచ్చు ముందుభాగంలో చిన్న లోపం కనిపించింది, ఖర్చు లేకుండా సరిచేస్తాం, మీ అంగీకారం తెలుపగలరు. ఖర్చు లేకుండా అన్న ముక్క దగ్గరే ఫణీంద్రగారికి కడుపు నిండిపోయింది. ఏ లోపం, ఎక్కడ, ఎందుకు అని ఒక్క మాట అడగలేదు. సుదక్షిణకు చూపించలేదు. ఆఫీసుల్లో పాతికేళ్లుగా అలవాటైన ఒకే ఒక్క జవాబు టక్కున కొట్టి పంపేశారు:

"నోటెడ్ విత్ థాంక్స్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్."

ఈ మెయిల్ నాకెలా తెలుసంటారా? తర్వాత దాని కాపీని నా పెట్టె మీదే అంటించారు, అందుకే కంఠతా వచ్చు. మాస్టర్ మూడు రోజులు నిమిరిన గుబ్బను షియావ్‌మే పదకొండు నిమిషాల్లో గీకేసింది. చాలా నున్నగా గీకింది. తర్వాత గుడ్డతో తుడిచి, పని బాగా వచ్చినందుకు తనలో తనే నవ్వుకుంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. రాకపోవడమే నా బాధ.

ఆ ఏడాది మూడువేల నున్నటి సొట్టమ్మలు పుట్టారు. రంగులు బ్రహ్మాండం, కిటికీ అంచులు వెంట్రుకవాసి తప్పలేదు, దేశమంతా కొన్నారు. దేవసహాయం ఒక్కడే తనకు పంపిన బొమ్మను తిప్పి పంపాడు. "ఈమెవరో నాకు తెలీదు మేడం" అని చీటీ పెట్టాడు. పెట్టెలు విప్పకుండానే దుకాణాలకు పంపేశారు, సుదక్షిణకు అప్పుడే తెలిసింది. ఆదివారం భోజనం దగ్గర అడిగితే, "వచ్చే బ్యాచ్‌లో చూద్దాంలే అమ్మాయ్, పప్పు బాగుంది" అన్నారట బావగారు.

వచ్చే బ్యాచ్ కోసం చూస్తూనే నాలుగేళ్లు గడిచాయి. ఈలోపు అక్కడ జీతాలు పెరిగాయి, పెరగవా మరి, షియావ్‌మే మాత్రం తినొద్దా? ఓడ కిరాయి పెరిగింది. అట్టపెట్టె ధర పెరిగింది. మూడువేలకు తక్కువైతే మెషిన్ ఎక్కించం అన్నారు. మీ వంతు పద్నాలుగు నెలల తర్వాత అన్నారు. నేను అరలో కూర్చుని గ్రీజు గడ్డకట్టి చూస్తూ ఉన్నాను. చవక అని పంపిన బొమ్మ ఒక్కోటి బాలానగర్‌లో తీసినదానికంటే ఎక్కువకు పడుతోందని చివరికి ఫణీంద్రగారి లెక్కల్లోనే తేలింది. ఆయన ఆ లెక్కను మూడుసార్లు చేసి, కాలిక్యులేటర్ బ్యాటరీ మార్చి నాలుగోసారి చేశారట.

సరిగ్గా అప్పుడే షెడ్డు నుంచి కబురొచ్చింది. సొట్టమ్మ పని అయిపోయింది, నెలాఖరుకి తుక్కుకింద తీసేస్తున్నారు. అదే నెలలో దేవసహాయం రిటైర్మెంట్. షెడ్డులో పనిచేసినవాళ్లందరూ తలా ఇంత వేసుకుని ఐదొందల బొమ్మలు కావాలన్నారు. సొట్టతో. సొట్ట లేకపోతే ఒక్కటి కూడా వద్దు.

"ఇదే నెలలో ఇవ్వాలి. ఇది పోతే షట్టర్ దించేయడమే అమ్మాయ్, ఇంకో దారి లేదు" అన్నారు ఫణీంద్రగారు. ఆయన గొంతులో మొదటిసారి చవక అన్న మాట లేదు.

ఫ్యాక్టరీ వాళ్లేమో ఐదొందలు చెయ్యం, సొట్ట అసలే చెయ్యం అన్నారు. అయితే మా అచ్చు మాకు పంపేయండి అంది సుదక్షిణ. మేనేజర్ చెన్ అనే ఆయన నన్నూ దిమ్మగారినీ బల్ల మీద పక్కపక్కన పెట్టించి, వీడియో కాల్‌లో ఇద్దర్నీ చూపించి, ఫోన్‌ను నా నెత్తిమీదే ఆనించాడు. అందుకే ప్రతి మాటా విన్నాను. చాలా మర్యాదస్తుడు. ఒప్పందం పద్నాలుగో పేజీ చదివి వినిపించాడు. కస్టమర్ అంగీకారంతో ఫ్యాక్టరీ అచ్చు రూపాన్ని మారిస్తే, ఆ రోజు నుంచి అచ్చు ఇద్దరిదీ. విడిపోవాల్సి వస్తే చెరో సగం. న్యాయంగా ఉండాలి కాబట్టి కస్టమరే ముందు కోరుకోవచ్చు. అంగీకారం ఎక్కడిదంటారా, ఇదిగో మీ మెయిల్, నోటెడ్ విత్ థాంక్స్.

అడుగు అరలోని ఒంటి సగాల సంగతి అప్పుడర్థమైంది నాకు. సగం పట్టుకెళ్లినవాడు దానితో ఏమీ చేయలేక మళ్లీ ఈ గుమ్మం ముందుకే వస్తాడు, వాళ్లు చెప్పిన ధరకే ఒప్పుకుంటాడు. అరగ్రాము ఉక్కు గీకి అరవంతు హక్కు సంపాదించడం, ఏ దేశంలో అయినా ఇంతకంటే లాభసాటి వ్యాపారం ఉంటుందా చెప్పండి.

"దిమ్మ తీసుకుందాం అమ్మాయ్!" ఫణీంద్రగారు ఫోన్‌లో ఎగిరి గంతేశారు. "చూడు, ఇంజను ఆకారం కనిపిస్తోంది, పిన్నులూ గిన్నులూ ఎన్ని ఉన్నాయో చూడు! రెండోది వట్టి గుంట. కిరాయి పెట్టి మరీ గుంట తెచ్చుకుంటామా?"

చెన్ ముఖంలో చిరునవ్వు నేను చూశాను. అందరూ దిమ్మనే కోరుకుంటారు మరి. చూడ్డానికి రైలులా ఉంటుంది కదా.

"బావగారూ" అంది సుదక్షిణ, "ఒక్క నిమిషం నోరు మూసుకోండి."

ఎనిమిదేళ్ల ఆదివారం భోజనాలు ఆ ఒక్క మాటతో అరిగిపోయాయి. అయినా మూసుకో అనలేదు, మూసుకోండి అనే అంది.

"మాకు గుంట ఇవ్వండి" అని చెన్‌తో చెప్పింది.

"మీకు నిజంగా గుంటే కావాలా?" ఆయన రెండుసార్లు అడిగాడు.

"గుంటే."

దిమ్మ లోపలి పనిమనిషి. మొహం ఎరగడు, రివెట్టు ఎరగడు. గుంట ఉంటే దానికి సరిపడే దిమ్మను మళ్లీ చేసుకోవచ్చు. దిమ్మను చూసి మొహాన్ని మాత్రం ఎవరూ చెక్కలేరు. మాస్టర్ దగ్గర నాలుగు నెలలు స్టూలు మీద కూర్చుని సుదక్షిణ నేర్చుకున్న ముక్క అది. కుర్చీలో కూర్చునేవాళ్లకు తెలియదు.

దిమ్మగారికి వీడ్కోలు చెప్పాను. ఆయన్ని అడుగు అరలో పెడుతుంటే ఇంగ్లండు పెద్దావిడ పక్కకు జరిగి చోటిచ్చింది. నాకు కొంచెం దిగులేసింది. ఎంతైనా మూడువేల పురుళ్లు కలిసి పోసినవాళ్లం.

ఈసారి త్వరగా రావాలని సుదక్షిణ నన్ను విమానంలో రప్పించింది. సరుకులు దించేచోట అధికారి నా పెట్టె తెరిపించాడు.

"ఏంటిది?"

"బొమ్మ రైలింజను అచ్చు సార్" అంది సుదక్షిణ.

"ఇంజనేదీ?"

"ఇంజను లేదు సార్. ఇంజను పట్టే గుంట."

"రెండో ముక్క?"

"రాదు సార్."

"దీనొక్కదానితో బొమ్మ వస్తుందా?"

"రాదు సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఫారంలో మూడే గడులున్నాయి: యంత్రం, యంత్రభాగం, తుక్కు. పని చేయదంటే యంత్రం కాదు, ఏ యంత్రంలోనూ లేదంటే భాగం కాదు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, మూడో గడిలో టిక్కు పెట్టి నా పొట్ట మీద 'తుక్కు' అని పసుపు స్టిక్కర్ అంటించాడు. సుంకం తగ్గిందని ఫణీంద్రగారు దారిపొడుగునా మురిసిపోయారు. పాత అలవాటు.

బాలానగర్ మారలేదు, మాస్టర్ మారాడు. జుట్టు తెల్లబడింది, కళ్లజోడు దళసరి అయింది. వర్క్‌షాప్‌లో ఇప్పుడు మందు సీసాల మూతల అచ్చులు చేస్తున్నాడు, రోజంతా గుండ్రాలే. స్టిక్కర్ చూసి మొహం ముడుచుకున్నాడు. గ్రీజు తుడిచి, కళ్లు మూసుకుని, బొటనవేలు తిన్నగా నా మొహం దగ్గరికే తెచ్చాడు.

వేలు జారిపోయింది. అక్కడ ఆగడానికి ఏమీ లేదు.

"ఎవలు గీకిండ్రు బిడ్డా?" అన్నాడు.

"అక్కడ పాలిష్ చేసే అమ్మాయి మాస్టర్. డ్రాయింగులో లేదు కదా."

మళ్లీ తడిమాడు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. "మంచిగ గీకింది" అన్నాడు. "నిమ్మళంగ గీకింది. పనిమంతురాలే. తప్పు నాది బిడ్డా. చేతిల పెట్టుకున్న, కాయిదం మీద పెట్టకపోతి."

దిమ్మను ఆయన ఎలా చేశాడో చెప్తే నమ్మరు. నా గోడలన్నిటికీ మిల్లీమీటరు మందం మైనపు రేకు పరిచాడు, పిల్లకు బట్టలు తొడిగినంత జాగ్రత్తగా. మిగిలిన ఖాళీలో గట్టిపడే జిగురు పోశాడు. అది గట్టిపడ్డాక తీసి, దాన్ని చూసి చూసి ఉక్కులో కొత్త దిమ్మను కోశాడు. మైనం ఉన్నచోటే రేపు ప్లాస్టిక్ వస్తుందన్నమాట. పన్నెండు రోజులు పట్టింది. మందు సీసాల వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తే "మూతలకేం తొందర, సీసలు యాడికి పోతయి" అని పెట్టేశాడు.

ఇంక సొట్ట మిగిలింది. సోమవారం దేవసహాయం వచ్చాడు. మొదటి మూడొందల్లో ఒకటి, టీవీ మీద ఆరేళ్లుగా ఉన్న బొమ్మను రుమాలులో చుట్టి తెచ్చాడు. మాస్టర్ దాన్ని తడిమి తల అడ్డంగా ఊపాడు.

"పిల్లలు ఆడుకున్నట్టున్నరు. అరిగింది. అసల్ది చూడాలె."

"అయితే ఇప్పుడే రావాలి మాస్టర్. రేపు పొద్దున్నే లాగేస్తున్నారు" అన్నాడు దేవసహాయం. "నెలాఖరు అన్నారు గానీ కాంట్రాక్టర్ ముందే వచ్చేశాడు."

సుదక్షిణ స్కూటర్ తీసింది. మాస్టర్ వెనక కూర్చున్నాడు. వెళ్లొచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు, చేతులు కడుక్కోలేదు, టీ ముట్టుకోలేదు, ఎక్కడ వేలి మీదున్నది చెరిగిపోతుందోనని. నా మొహం దగ్గర చిన్న బెజ్జం వేసి, ఉక్కు పిన్ను బిగించి, దాని తలను ఆకురాయితో నిమరడం మొదలుపెట్టాడు. మొదటిసారి మూడు రోజులు పట్టిన పని. ఈసారి ఒక మధ్యాహ్నం. ఈ పనికి కళ్లెందుకని కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాడు.

మెషిన్ ఎక్కాను. కొత్త దిమ్మ నాలోకి దిగాడు. కొత్తవాడు, బిడియస్తుడు, అంచుల్లో కాస్త బిగుసుకున్నాడు. ప్లాస్టిక్ వచ్చింది. నిమిషం. తెరుచుకున్నాం. మొదటి బొమ్మ అంచుల చుట్టూ పల్చటి పొర వేలాడుతోంది, రంగు లేదు, కిటికీలకు అద్దాలు లేవు. ఫణీంద్రగారు అందుకోబోయారు. మాస్టర్ ఆయన చెయ్యి దాటించి దేవసహాయానికి ఇచ్చాడు.

దేవసహాయం దాని వైపు చూడనే లేదు. కళ్లు మూసుకుని వేలు పెట్టాడు. వేలు ఆగింది.

"సొట్టమ్మే" అన్నాడు. వేలు తీయకుండానే, "సొట్టమ్మే మేడం. తుమ్ము కూడా వినపడుతోంది నాకు" అన్నాడు.

ఐదొందలూ నెలాఖరుకి రెండు రోజుల ముందే వెళ్లిపోయాయి. షట్టర్ దిగలేదు. ఇప్పుడు ఇంకో రెండు షెడ్లు తమ ఇంజన్ల సొట్టలూ గీతలూ చెప్పుకుంటూ సుదక్షిణకు ఫోన్లు చేస్తున్నాయి. మాస్టర్ ఈసారి ప్రతి సొట్టనూ ముందు కాగితం మీద గీయిస్తున్నాడు, బొమ్మ కింద 'ఇది లోపం కాదు' అని పెద్ద అక్షరాలతో రాయిస్తున్నాడు.

మొన్న ఫ్యాక్టరీ నుంచి మెయిల్ వచ్చింది. మీ సగం మీ దగ్గర, మా సగం మా దగ్గర ఒంటరిగా ఉన్నాయి, రెంటినీ కలిపితే మీకు ప్రత్యేక తగ్గింపు ఇస్తాం. తగ్గింపు అన్న మాట చూడగానే ఫణీంద్రగారి వేళ్లు వాటంతట అవే కదిలాయి. 'నోటెడ్' దాకా కొట్టేశారు కూడా. సుదక్షిణ వెనకనుంచి వచ్చి కీబోర్డు ఎత్తుకెళ్లిపోయింది.

నేను మాస్టర్ అరలో ఉన్నాను, మూతల అచ్చుల పక్కన. తుక్కు స్టిక్కర్ ఇంకా పొట్ట మీదే ఉంది. ఎవరూ తీయలేదు, నేనూ అడగలేదు. బొమ్మ రైళ్ల సంఘం కార్యదర్శి మళ్లీ ఉత్తరం రాశాడు. కొత్త బొమ్మల్లో సొట్ట పాతదానికంటే వెంట్రుకవాసి ఎడమకు జరిగిందట, అసలు ఇంజనుతో పోల్చి చూసి నిర్ణయించాలట.

పోల్చడానికి అసలు ఇంజను లేదు. మంగళవారం పొద్దున లాక్కెళ్లారు, శుక్రవారానికి కోసేశారు, ఈపాటికి కరిగి ఏ కిటికీ ఊచలుగానో మారిపోయి ఉంటుంది. ఇకమీద సొట్టమ్మ మూతి మీద సొట్ట ఎక్కడుందో చెప్పాల్సింది నేనే.